చూడామణి ఆనుకున్న వీధి

జగ్గయ్యపేటలో ఆడవాళ్ళు పొద్దున్నే వాకిలి ఊడుస్తారు, ముగ్గు వేస్తారు, ఆ ముగ్గు మీద అప్పుడే పడ్డ సిమెంటు దుమ్ము చూసి చీపురు మళ్ళీ చేతిలోకి తీసుకుంటారు. ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు. అక్కడ వేపచెట్లు బూడిద రంగులోనే చిగురిస్తాయి. పచ్చటి వేపచెట్టు కనబడితే పసిపిల్లలు జడుసుకుని తల్లుల చంక ఎక్కుతారు. ఆ దుమ్ములోనే చూడామణి టీచరు అన్నం, కూర వండి, భర్తకి ఒక క్యారియరు, కూతురికి ఒక క్యారియరు, తనకో చిన్న డబ్బా కట్టుకుని, చీర కుచ్చిళ్ళు బస్టాండుకి నడుస్తూనే సర్దుకునేది.

ఆమె పని చేసేది నందిగామ ఆడపిల్లల హైస్కూల్లో. భర్త ఉమాకాంతం పని చేసేది పేటలోనే, సబ్ ట్రెజరీ ఆఫీసులో. ఆయన ఆఫీసుకి నడిచి వెళ్ళడానికి పట్టే సమయంలో ఒక వక్క కూడా పూర్తిగా నలగదు. అందుకని ఇల్లు పేటలోనే ఉండాలని ఎప్పుడో నిర్ణయమైపోయింది. ఆ నిర్ణయం జరిగినప్పుడు చూడామణి బస్సులో ఉంది.

ఆ బస్సు సంగతి చెప్పాలి. ముందు సీట్లో ఎవరైనా తుమ్మితే వెనక అద్దం దగ్గరున్న మనిషి ముక్కు తుడుచుకోవాలి, అంత ఒత్తిడి. ఒకసారి చిల్లకల్లు దాటాక చూడామణి తన రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని చూసింది. కింద పడలేదు. జనం మధ్య అలాగే ఇరుక్కుని నవాబుపేట దాకా వచ్చింది. ఆ కాసేపే కాళ్ళకి కాస్త విశ్రాంతి దొరికింది.

ఇలా వెళ్ళి, ఇలా వచ్చి, మధ్యలో రోజంతా నిలబడి పాఠాలు చెప్పిన మనిషి సాయంత్రానికి ఎక్కడో ఒకచోట ఆనుకోవాలి కదా. చూడామణి ఆనుకున్న గోడ ముసలిదైపోయేది.

అందులో దాపరికం ఏమీ లేదు, అందరికీ తెలిసిందే. కొందరి చెయ్యి పడితే ఆవకాయ బూజు పడుతుంది, కొందరి చెయ్యి పడితే చచ్చిన గులాబీ కొమ్మ చిగురు వేస్తుంది. చూడామణి ఆనుకుంటే గోడ పాతబడుతుంది. హైస్కూల్లో కట్టిన కొత్త గది ఆమె క్లాసుకిచ్చారు. దసరా సెలవులు రాకముందే ఆ గది తాతల నాటిదై కూర్చుంది. తనిఖీకి వచ్చిన ఇంజనీరు గోడ గీకి చూసి, కాంట్రాక్టర్ని తిట్టబోయి, "ఈ గది ఏ టీచర్‌దండీ?" అని అడిగి, పేరు వినగానే టీ తాగి వెళ్ళిపోయాడు. పక్కింటి జయమణి కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచినప్పుడు హాలుకి సరిగ్గా నడిమధ్యన ఒక కుర్చీ వేసింది.

"మీరు ఇట్టా మధ్యలో కూర్చోండి టీచర్‌గారూ, ఫ్యాను గాలి బాగా తగులుద్ది" అంది.

ఆ హాల్లో అప్పటికింకా ఫ్యాను పెట్టలేదు. చూడామణి నవ్వి, కుర్చీలో నిటారుగా కూర్చుని భోజనం చేసి వచ్చింది. ఇంకో ఊళ్ళో కొత్తగా కట్టిన గుడికి ప్రాచీన కళ రావాలని ధర్మకర్తలు కారు పంపించి ఆమెని తీసుకెళ్ళారు. ప్రహరీకి కాసేపు ఆనుకున్నందుకు కొబ్బరికాయ, జాకెట్టు ముక్క ఇచ్చారు. ఇప్పుడా గుడి రాజుల కాలం నాటిదని పూజారి చెబుతుంటే జనం చెంపలేసుకుంటారు.

ఆమె కూతురు అమూల్య. డిగ్రీ అయిపోయి, తల్లి ఎక్కే బస్సే ఎక్కి, తల్లి పట్టుకునే కమ్మీనే పట్టుకుని నందిగామ వెళ్ళేది. బస్టాండు ఎదురుగా మేడమీద కంప్యూటర్ సెంటర్లో వీధులు కట్టడం నేర్చుకుంటోంది. ఇంటికొచ్చాక హాల్లో ఉన్న సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లో మళ్ళీ అదే పని. ఈ సంగతి ఉమాకాంతానికి ఎన్నిసార్లు చెప్పినా మొదటికొచ్చేది.

"వీధి కట్టడానికి మునిసిపాలిటీ ఉంది కదే" అనేవాడు.

"ఇది కంప్యూటర్లో వీధి నాన్నా. హైదరాబాద్ కంపెనీ వాళ్ళు ప్రకటనల కోసం కార్లు, మనుషుల బొమ్మలు తయారు చేస్తారు. అవి నిలబెట్టి చూపించడానికి నిజంలాంటి వీధి కావాలి."

"కారెక్కడుంది?"

"కంప్యూటర్లోనే."

"నడిపేవాడు?"

"వాడూ అందులోనే."

"మరి జీతం?"

"అది మాత్రం బయటే ఇస్తారు."

ఉమాకాంతం పేపరు మడిచి పక్కన పెట్టాడు. "చూడమ్మా. వచ్చే నెల మొదటి బుధవారం విజయవాడలో బి.ఇడి. సీట్ల కౌన్సెలింగు. నీకు మంచి ర్యాంకొచ్చింది. హాయిగా టీచరువవుతావు. మీ అమ్మ బస్సే, మీ అమ్మ దారే. అంతా అలవాటైన వ్యవహారం. ఈలోగా ఆ కంపెనీ ఆయన ఉద్యోగం ఇస్తే సరే. లేదంటే నా వెంట విజయవాడ వస్తున్నావు."

ఆ కంపెనీ ఆయన పేరు వరప్రసాదరావు. అమూల్య మొదట పంపిన వీధిని చూసి ఫోన్లోనే పెదవి విరిచాడు. "గోడలున్నాయి, షట్టర్లున్నాయి, కరెంటు స్తంభాలున్నాయి. కానీ సెట్టింగులా ఉందమ్మా. ఇందులో ఎవరూ బతికినట్టు లేదు. బాగుచేసి పంపు, నచ్చితే ఉద్యోగం నీదే" అన్నాడు.

ఆ సాయంత్రం అమూల్య బస్సు దిగి, ఇంటికొచ్చి, వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆమె భుజం తగిలిన చోట ఆకుపచ్చ రంగు గోరంత పెచ్చు లేచి కింద రాలింది.

అమూల్య చూసుకోలేదు. చూడామణి చూసింది. కూర కలుపుతున్న గరిటె కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత వంగి, ఆ పెచ్చుని కొంగుతో తీసి, ఏ తల్లీ బిడ్డ ఊడిన పాలపన్నుని కూడా మూటకట్టనంత భద్రంగా కొంగున ముడి వేసుకుంది. ఎవరికీ చెప్పలేదు. తన దగ్గర పిల్లకి ఇవ్వడానికి వేరే ఏమున్నా లేకపోయినా ఇది మాత్రం ఇవ్వకూడదని అనుకుంది.

మర్నాడు ఉమాకాంతం హాలుకి సున్నం వేయించాడు. చూడామణి గుమ్మంలో అడుగుపెట్టగానే లోపల్నుంచి కేకేశాడు.

"గోడలు తడిగా ఉన్నాయి. దేనికీ ఆనుకోకు."

ఆ రోజు బస్సులో కూర్చునే చోటు సరే, నిలబడే చోటు కూడా దొరకలేదు. ఒక కాలు తనదీ ఒక కాలు పరాయిదీ అన్నట్టు వచ్చింది చూడామణి. గోడలు వద్దన్నారు. కూతురు కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. చూడామణి ఆ పాతకాలపు లావుపాటి మానిటరు పక్కన నిలబడి, భుజం దాని అద్దానికి ఆనించి కళ్ళు మూసుకుంది.

తెర మీద ఆ భుజం తగిలిన చోటి గోడ ఒక్కసారి గాలి వదిలినట్టు కుంగింది. నీలం రంగు వెలిసి, దాని కిందనుంచి పాత పసుపు రంగు బయటపడింది. అడుగున చెమ్మ ఎక్కింది. ఒకదాని మీద ఒకటి అంటించిన పోస్టర్లు లేచి, సగం చిరిగి వేలాడాయి. మూల కిళ్ళీ ఉమ్మి మరక పడింది. "ఇచ్చట మూత్రము పోయరాదు" అని అక్షరాలు వచ్చి, వచ్చిన నిమిషంలోనే సగం చెరిగిపోయాయి. అన్నిటి మీదా సన్నగా, బూడిద రంగు దుమ్ము దిగింది.

అమూల్య కుర్చీలోంచి లేవలేదు. "అమ్మా, కొంచెం ఎడమకి జరుగు" అంది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. సీటు దొరికిన రోజు చూడామణి ఆనుకుంటే రంగు వెలిసేది, అంతే. నిలబడి వచ్చిన రోజు పెచ్చులూడేవి. స్కూల్లో ఇన్‌స్పెక్షన్ పడిన రోజు ఏకంగా ఇటుకలు బయటపడేవి. పరీక్ష పేపర్లు దిద్దిన రోజు ఆనుకుంటే షట్టర్లకి తుప్పు, స్తంభాలకి వంకర. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు వచ్చి మాట్లాడి వెళ్ళిన రోజు అమూల్య తొందరపడి ఎక్కువసేపు ఆనించింది. టీ కొట్టు మొత్తం కూలి, పునాది మాత్రం మిగిలింది. దాన్ని చెరిపి మళ్ళీ కట్టాల్సి వచ్చింది.

అమూల్య రోజూ గుమ్మంలోనే అడిగేది. "అమ్మా, ఇవ్వాళ సీటు దొరికిందా?"

"దొరికిందే."

"అయ్యో."

ఇంకోరోజు, "ఇవ్వాళ ఎన్ని క్లాసులు చెప్పావు?"

"లెక్కల మేడం రాలేదు, ఆమెవి కూడా నేనే చెప్పా."

"అయితే ముందు ఈ మేడ దగ్గర ఆనుకో. నీళ్ళు తర్వాత తాగుదువుగాని. నీళ్ళు తాగితే తగ్గిపోద్ది."

చూడామణి చెప్పులైనా విప్పకుండా వెళ్ళి ఆనుకునేది. ఒక్కోసారి మధ్య దారిలో సీటు ఖాళీ అయినా కూర్చోకుండా వచ్చేది. ఆ మాట మాత్రం ఇంట్లో చెప్పలేదు.

వీధి పూర్తయ్యేసరికి దాన్ని చూసినవాళ్ళకి కాళ్ళు లాగేవి. జయమణి పంచదార కోసం వచ్చి, తెర వంక చూసి, అక్కడే నేల మీద చతికిలబడి, "ఎంత దూరం నడిచానో ఏంటో" అని మోకాళ్ళు రుద్దుకుంది. ఆమె ఇల్లు గోడ అవతలే. అమూల్య సీడీ చేసి హైదరాబాద్ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపింది.

కౌన్సెలింగుకి ముందు శుక్రవారం వరప్రసాదరావు ఫోను చేశాడు.

"అమ్మా అమూల్యా, వీధి అద్భుతం. నిజం వీధి కూడా ఇంత నిజంగా ఉండదు. కానీ ఒక చిక్కొచ్చింది."

"ఏంటండీ?"

"మా కొత్త కారు తెచ్చి అందులో పెట్టాం. భోజనాల టైముకి దాని మీద దుమ్ము పట్టింది. టీ టైముకి టైర్లో గాలి దిగింది. ఈ పొద్దున వచ్చి చూస్తే పైన మేక ఎక్కి పడుకుంది. మేకని మేము చెయ్యలేదమ్మా. మా దగ్గర మేకే లేదు."

అమూల్య తన తెర మీది వీధిలో మేక కోసం వెతికింది.

"పోనీలే అని అమ్మాయి బొమ్మని నిలబెట్టాం. చీరల ప్రకటనకి చేసిన బొమ్మ అది. మేము వెనక్కి తిరిగేసరికి ఎత్తు చెప్పులు విప్పేసి, మెట్టు మీద కూర్చుని పాదాలు నొక్కుకుంటోంది. కొత్త సరుకు చూపించుకునే వీధి కావాలమ్మా నాకు, సరుకుని నడిపించి చంపే వీధి కాదు. మంగళవారంలోగా సరిచేసి పంపు. లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తా, నన్ను తప్పు పట్టకు."

అమూల్య గోడలన్నిటికీ కొత్త రంగులు వేసింది. వేసినవి వేసినట్టే రాలిపోయాయి. స్తంభాలు సరిచేస్తే, చెయ్యి తీసేలోపు మళ్ళీ ఒరిగాయి. ఆ వీధి ఎంత అలిసిపోయిందంటే దాన్ని ఇక ఎవరూ బాగుచెయ్యలేరు.

శనివారం సాయంత్రం చూడామణి ఇంటికొచ్చింది. దారిలో బస్సు చెడిపోయి, అందరూ దిగి తోసి, తోసింది చాలక చిల్లకల్లు దాకా నడిచి, ఇంకో బస్సు కమ్మీకి వేలాడి వచ్చింది. మొహమంతా దుమ్ము. కళ్ళు మాత్రం తెల్లగా కనబడుతున్నాయి. చేతిసంచీ కింద పెట్టకుండానే కంప్యూటర్ పక్కకి నడిచింది.

"ఎక్కడ ఆనుకోను?" అంది. "ఇవ్వాళ బాగా ఉంది. కోట గోడైనా పడిపోద్ది."

ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది, మార్కెట్లో మంచి వంకాయలు దొరికినప్పుడు ఉండేలాంటిది. అమూల్య మౌసు వదిలేసింది. ఇన్నాళ్ళూ గుమ్మంలో నిలబడి తను దేనికోసం ఎదురుచూసిందో అప్పుడు తెలిసొచ్చింది.

"ఎక్కడా వద్దమ్మా" అంది. లేచి, తన కుర్చీ తల్లి వెనక్కి లాగింది. మంచినీళ్ళు తెచ్చింది. "ఆ వీధి అయిపోయింది. నేను బి.ఇడి.కే వెళ్తాలే."

చూడామణి నీళ్ళ గ్లాసు పట్టుకుని కూతురి వంక చూసింది. అనాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. అనే ఓపిక లేక నీళ్ళు తాగింది.

ఆదివారం అంటే ఆ ఇంట్లో బట్టల ఉతుకుడు, పిండి రుబ్బుడు, పేపర్లు దిద్దుడు, వారానికి సరిపడా కారాలూ పొడులూ. పొద్దున చూడామణి బకెట్టు తీసుకోబోతే అమూల్య లాక్కుంది.

"ఇవ్వాళ నువ్వు ఏ పనీ చెయ్యకూడదు."

"మరి ఎవరు చేస్తారు?"

"నేను ఉతుకుతా. నాన్న పప్పు రుబ్బుతాడు."

"నేనా?" అన్నాడు ఉమాకాంతం పేపరు చాటునుంచి.

"అమ్మా, పెళ్ళయ్యాక ఎప్పుడైనా ఊరికే కూర్చున్నావా?"

చూడామణి నిజంగానే ఆలోచించింది. "పెళ్ళిచూపుల్లో కూర్చున్నా" అంది చివరికి. "అది పెళ్ళికి ముందు అనుకో."

ఉమాకాంతం పేపరు పక్కనపెట్టి లేచి, గ్రైండరు దగ్గరికి వెళ్ళి, స్విచ్చి ఎక్కడుందో అడిగాడు. మొదటి వాయి పిండి గోడకీ, కప్పుకీ, ఆయన కళ్ళజోడుకీ అంటగా మిగిలింది గిన్నెలోకి తీశాడు. ఆ పిండి పక్కింటి జయమణి జడలో కూడా పడిందని వీధిలో చెప్పుకున్నారు.

భోజనమయ్యాక చూడామణి ఏం చెయ్యాలో తోచక కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుంది. ఆ ఇంట్లో మెత్త ఉన్న కుర్చీ అదొక్కటే. తెర మీద వీధి అలాగే ఉంది, ఎర్రటి ఎండలో. ఆ మెట్టూ, ఆ తుప్పూ, ఆ దుమ్మూ అన్నీ తనవే. ఇది ఇన్‌స్పెక్షన్ రోజుది, ఇది లెక్కల మేడం రాని రోజుది అని ఒక్కొక్కటీ గుర్తుపట్టింది. గుర్తుపడుతూ పడుతూ ఆమె తల మెల్లగా పక్కకి ఒరిగి, మానిటరుకి ఆనింది. నిద్రపోయింది.

తడి చేతులు తుడుచుకుంటూ వచ్చిన అమూల్య తల్లిని లేపబోయి ఆగింది.

తెర మీద ఎండ తగ్గుతోంది. పెచ్చులూడిన గోడలు అలాగే ఉన్నాయి గానీ వాటి మీద సాయంత్రం నీడ పడుతోంది. ఎవరో వాకిళ్ళన్నీ నీళ్ళు చల్లినట్టు దుమ్ము అణిగింది. కుంగిన అరుగుల మీద చాపలు పరుచుకున్నాయి. మేడ మీద ఆరేసిన బట్టలు మాయమై, కిటికీలో లైటు వెలిగింది. ఎక్కడో స్టవ్ మీద పాలు కాగుతున్న ఆవిరి కనబడింది. వీధి పాతదే. కానీ అందరూ ఇంటికొచ్చేశారు, ఇక ఎవరూ ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు అన్నట్టుంది.

గ్రైండరు దగ్గర ఉమాకాంతం ఏదో గిన్నె పడేశాడు. చూడామణి కనుబొమలు ముడిపడ్డాయి. వీధిలో మళ్ళీ మధ్యాహ్నపు ఎండ కాస్త ముందుకొచ్చింది.

"నాన్నా, చప్పుడు చెయ్యకు" అంది అమూల్య గుసగుసగా.

చూడామణి సాయంత్రం లేవలేదు. అన్నాలకీ లేవలేదు. ఆమె బాకీపడిన నిద్రలు ఇన్నేళ్ళవీ గుమ్మం బయట వరస కట్టి, ఒకదాని తర్వాత ఒకటి లోపలికి వస్తున్నాయి. సోమవారం తెల్లవారాక ఉమాకాంతం వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"బస్సు వేళైంది. లేపనా?"

అమూల్య తెర చూపించింది. ఆయన చూశాడు. చూస్తూ చూస్తూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపటికి లేచి, చొక్కా వేసుకుని, భార్య ఎక్కాల్సిన బస్సు తనే ఎక్కి నందిగామ వెళ్ళాడు. ఆయన పెళ్ళయ్యాక ఆ బస్సెక్కడం అదే మొదలు. హెడ్‌మిస్ట్రెస్ కృపావతిగారికి సంగతి చెప్పాడు.

"నిద్రపోతోందా?" అంది కృపావతి. "లేపకండి. చూడామణి ఒక పూట పడుకుంటే మా స్కూలుకి కొత్త గది కట్టినట్టే. వారమైనా పడుకోనివ్వండి."

ఆయన తిరుగుబస్సులో నిలబడి వచ్చాడు. ఇంటికొచ్చి, వంటింట్లోకి వెళ్ళి, రుబ్బిన పిండితో ఇడ్లీలు వెయ్యడానికి కుస్తీ పట్టాడు. ఇడ్లీలతో పేట నుంచి వత్సవాయి దాకా రోడ్డు పరచొచ్చు, అంత గట్టిగా వచ్చాయి. అయినా ఇద్దరూ తిన్నారు, నములుతున్న చప్పుడు రాకుండా.

అమూల్య తల్లి భుజం మీదుగా చేతులు చాపి, మౌసు కూడా గట్టిగా నొక్కకుండా సీడీ చేసి, హైదరాబాద్ బస్సులో పంపింది. ఫోను మోగితే తల్లి లేస్తుందని దాని మీద దిండు పెట్టి, పైన దుప్పటి కప్పింది.

మంగళవారం మధ్యాహ్నం దిండు కింద ఫోను సన్నగా మూలిగింది. చూడామణి ఇంకా నిద్రలోనే ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, చెంప మానిటరుకి ఆనించి, మొహంలో గీతలన్నీ సగానికి సగం తగ్గి, అమూల్యకి అక్కలా ఉంది. ఉమాకాంతం విజయవాడ ప్రయాణానికి ఇస్త్రీ చేయించుకున్న చొక్కాతో విసురుతున్నాడు, కరెంటు పోయి ఇన్వర్టరు మీద కంప్యూటర్ ఒక్కటే నడుస్తోంది కనక.

అమూల్య దిండు తీసి, రిసీవరు చెవికి ఆనించుకుంది.

"కారు పెట్టి చూశామమ్మా" అన్నాడు వరప్రసాదరావు. ఎందుకో ఆయన కూడా గొంతు తగ్గించే మాట్లాడుతున్నాడు. "నిన్న రాత్రి నుంచీ పెట్టే ఉంచాం. ఎవరో ఇంటికొచ్చి, ఇప్పుడే కడిగి పెట్టుకున్నట్టుంది. అమ్మాయి బొమ్మ మెట్టు మీద కూర్చునే ఉంది. కానీ ఈసారి పాదాలు పట్టుకోలేదు. చీర కుచ్చిళ్ళు చక్కగా పరుచుకుని కూర్చుంది. చీరల షాపాయన చూసి, ఆమెని లేపొద్దు, అలాగే చూపించండి అన్నాడు."

"థాంక్సండీ."

"ఒక్కటే డౌటు. ఈ వీధికి మనం సౌండు పెట్టలేదు కదా?"

"లేదండీ."

"మరి గురక వినబడుతోంది. సన్నగా. ఆఫీసులో అందరం విన్నాం."

అమూల్య తల్లి వంక చూసింది. "అది వీధిలోదేనండి. తియ్యడం కుదరదు."

అవతల ఆయన వింటున్నట్టున్నాడు.

"ఉండనీలే" అన్నాడు. "బాగానే ఉంది. ఉద్యోగం నీదమ్మా. ఎప్పుడొచ్చి చేరతావు?"

ఉమాకాంతం విసరడం ఆపి కూతురి మొహంలోకి చూశాడు. ఆగొద్దు, విసురు అన్నట్టు అమూల్య చెయ్యి ఊపింది.

"మా అమ్మ లేచాక చెప్తానండి" అంది.